ఆంధ్రకేసరి జీవితయాత్ర: న్యాయవాదియు శాసనకర్తయు

ఆంధ్రభాషలో స్వీయచరిత్రమనునది ప్రాచీనమైన వాఙ్మయశాఖ కాదు. పూర్వకవులు కావ్యావతారికలయందు తమ వంశమును, గురువులను, కృతిపతిని వర్ణించిరే కాని, తమ బ్రదుకును పుట్టుక మొదలుకొని వరుసగా వచనమున వ్రాసియుంచుట వారికి పరిపాటి కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్రము ఈ శాఖకు మార్గదర్శకమైనది. ఆ మార్గమున నడచినవారిలో న్యాయవాదులకు గణనీయమైన స్థానము గలదు. కొండ వెంకటప్పయ్యగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు, టంగుటూరి ప్రకాశము పంతులుగారు మువ్వురును న్యాయవాదులుగా జీవితము నారంభించి, ఆ వృత్తిని విడిచి రాజకీయములలో దిగి, పిమ్మట తమ చరిత్రలను తామే వ్రాసికొనిరి. ఈ మువ్వురిలో ప్రకాశము పంతులుగారి ‘నా జీవిత యాత్ర’ పాఠకలోకమున మిక్కిలి వ్యాప్తి నందినది. అందువలననే అది మిక్కిలి జాగరూకతతో విమర్శింపదగినది.

ఈ గ్రంథమును గూర్చి రెండువిధములైన అభిప్రాయములు వినవచ్చుచున్నవి. ఇది ఆంధ్రదేశ స్వాతంత్ర్యోద్యమమునకు ప్రత్యక్షసాక్షి రచించిన చరిత్రమనియు, కావున ఇందలి ప్రతివాక్యమును ప్రమాణముగా గ్రహింపవచ్చుననియు కొందఱందురు. తన పక్షమును సమర్థించుకొనుటకై రాజకీయవేత్త వ్రాసిన గ్రంథమగుటచే దీనికి చరిత్రమూల్యము స్వల్పమని మఱికొందఱందురు. ఈ రెండభిప్రాయములకును మూలమందొక పొరపాటు గలదు. న్యాయస్థానమున వాఙ్మూలము వేఱు, తీర్పు వేఱు. తీర్పును చదువునట్లు వాఙ్మూలమును చదివిన మొదటివారు మోసపోవుదురు. తీర్పు కాదను కారణమున వాఙ్మూలమును త్రోసివైచిన రెండవవారు నష్టపోవుదురు. ప్రకాశముగారు వ్రాసినది తమ వాఙ్మూలము. దానిని వారి జీవితమందలి కార్యములతోడను, వారు కర్తలై నడపిన శాసనవ్యవహారములతోడను సరిపోల్చి చదివినప్పుడే దాని విలువ తేలును.

అట్లు సరిపోల్చి చదివినవారికి ఒక విషయము స్పష్టముగా గోచరించును. ప్రకాశముగారు 1921లో న్యాయవాదవృత్తిని వదలిరనుట లోకప్రసిద్ధము. వృత్తిని వదలిరే కాని వకీలు స్వభావమును వారెన్నడును వదలలేదు. ఒక కక్షిదారుని పక్షమును పూర్తిగా స్వీకరించుట, ఆ పక్షమునకై తన సర్వస్వమును ఒడ్డుట, ఎదిరిపక్షమునకు లొంగకుండుట అను న్యాయవాదగుణములే వారి రాజకీయజీవితమునకు బలమైనవి. శాసనసభలో అధికారము వహించినవానికి కావలసిన గుణములు వేఱు. అనేకుల నొక్కటిగా కూర్చుకొనుట, తన మాటలో కొంత తగ్గించుకొని ఎదుటివాని మాటలో కొంత గ్రహించుట, జయమునకు పిదపకూడ జాగ్రత్తగా నుండుట వాని లక్షణములు. ఈ రెండుగుణసమూహములకును గల పొత్తును, పొరపును ప్రకాశముగారి జీవితమున చూడదగును.

ప్రకాశముగారు 1872 ఆగష్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతమందలి వినోదరాయునిపాలెమున జన్మించిరి. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. బాల్యమందే తండ్రి గతించుటచే కుటుంబభారము తల్లిపై బడెను. ఆమె ఒంగోలున పూటకూళ్ళయిల్లు నడపి బిడ్డలను పోషించెను. నియోగికుటుంబమున బుట్టిన స్త్రీ పరులకు అన్నము వండి, వెలగొని వడ్డించుట ఆ కాలమున ఎంత చిన్నతనముగా నెంచబడెడిదో పెద్దలెఱుగనిది కాదు. ప్రకాశముగారు దీనిని మఱుగుపఱుపలేదు. తమ చిన్ననాటి అల్లరిని, దుస్సాంగత్యమును సైతము దాపఱికము లేక చెప్పిరి. గ్రంథము మొత్తమునందు ఈ బాల్యభాగమే సాహిత్యదృష్టితో మేలైనది. ఇచ్చట ఎదిరిపక్షము లేదు. గెలువవలసిన వ్యాజ్యము లేదు. చెప్పువాడు తాను చూచినదానిని చూచినట్లు చెప్పుచున్నాడు. భాషయు శిష్టవ్యావహారికమున, ఇంటిలో మాటలాడుకొను తీరున సాగినది. వ్యావహారికము వచనరచనకు తగునా తగదా యని వాదించినవారికి ఈ భాగము ఒక సమాధానము చెప్పుచున్నది. వక్త నిష్కపటుడైనచో వాని వాడుకమాటయే శైలియగును.

బాల్యమందు వారికి లభించిన గురువు ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారు. వీరు శిష్యుని చదువు సాగునట్లు చూచి, తాము రాజమహేంద్రవరమునకు పోవునప్పుడు వెంటగొని పోయిరి. నాటకములపై నాయుడుగారికి గల అభిరుచి శిష్యునకును సంక్రమించెను. ప్రకాశముగారు రంగస్థలమున వేషములు ధరించిరి. ఈ నాటకాభ్యాసమును ఒక బాల్యవినోదముగా నెంచి దాటిపోరాదు. వేలకొలది జనుల యెదుట జంకు లేక నిలుచుట, కంఠమును నలుదిక్కులకు వినిపించుట, సమయమెఱిగి ఒక్క చేష్టతో సభను తనవైపు త్రిప్పుకొనుట నటునకు వలసిన విద్యలు. న్యాయవాదికిని ఇవియే కావలెను. 1928లో చెన్నపట్టణపు వీథిలో ప్రకాశముగారు చేసిన పనికి బీజమిచ్చటనే కలదని చెప్పుట సాహసము కాదు.

పిమ్మట వారు రెండవతరగతి ప్లీడరు పరీక్షలో నుత్తీర్ణులై రాజమహేంద్రవరమున వృత్తి నారంభించిరి. ఆ కాలమందు న్యాయవాదులలో వర్ణవ్యవస్థను బోలిన తారతమ్యములుండెను. రెండవతరగతి ప్లీడరు జిల్లాలలోని న్యాయస్థానములకు పరిమితుడు. హైకోర్టున వాదించుటకు వానికి అధికారము లేదు. తాను మొదటినుండి నడపిన వ్యాజ్యము అపీలునకు పోయినప్పుడు, ఆ కాగితములను పట్టణమందలి మఱియొకనికి అప్పగించి తాను ప్రక్కన నిలువవలెను. స్వతంత్రప్రకృతి గల ప్రకాశముగారు ఈ స్థితిని సహింపలేకపోయిరి. ధనము చక్కగా వచ్చుచున్నను, పురపాలకసంఘమున నధ్యక్షపదవి లభించినను, ఆ పదవిని, ఆదాయమును వదలి 1904లో బారిష్టరు చదువునకై ఇంగ్లండునకు పోయిరి. సంపాదించినదానిని వెనుకముందు చూడక విడుచుట వారి జీవితమున ఇది మొదటిసారి. తుదిసారి మాత్రము కాదు.

ఇంగ్లండులో వారు న్యాయశాస్త్రముతోపాటు మఱియొక పాఠమునుగూడ నేర్చిరి. దాదాభాయి నౌరోజీగారి పార్లమెంటు ఎన్నికకై వారు పనిచేసిరి. దాదాభాయిగారు 1892లో కామన్సుసభకు ఎన్నికైన మహనీయులు; 1906లో వృద్ధదశయందు మరల నిలిచి ఓడిపోయిరి. పార్లమెంటువ్యవస్థను ప్రకాశముగారు దగ్గఱనుండి చూచుట ఇట్లు ఓడిన పక్షమున నిలిచి జరిగినది. సభలో సీటు లేకున్నను చెప్పవలసిన మాట చెప్పవలెనను పట్టుదల ఇట్టి అనుభవమున బలపడి యుండుట సహజము.

1907లో వారు బారిష్టరై వచ్చి చెన్నపట్టణమున స్థిరపడిరి. అప్పుడచ్చటి బారిష్టరులలో యూరోపియనులదే పైచేయి. వారి నడుమ ప్రకాశముగారు అచిరకాలముననే పేరును ధనమును గడించిరి. ‘లా టైమ్సు’ అను న్యాయశాస్త్రపత్రికను నడపిరి. వంగదేశపు నాయకుడు బిపినచంద్రపాలుగారు చెన్నపట్టణమున ఉపన్యసింపవచ్చినప్పుడు సభాధ్యక్షతకు పలువురు వెనుదీయగా ప్రకాశముగారు ముందుకు వచ్చి అధ్యక్షత వహించిరి. 1911లో తిరునల్వేలి కలెక్టరగు ఆషు దొర హత్య జరిగినపిమ్మట, ఆ వ్యాజ్యమున ముద్దాయిలలో నొకని పక్షమున వాదించిరి. పాలకజాతి కోపముతో మండిపడుచున్నప్పుడు ముద్దాయి ప్రక్కన నిలుచుట వృత్తిధర్మమే యైనను, ఆ ధర్మమును ఆ దినములలో పాటించినవారు కొలదిమంది. రాజకీయములలో వారి ప్రవేశమునకు దారి ఈ విధముగా న్యాయస్థానముననే ఏర్పడెను.

1921లో సహాయనిరాకరణోద్యమమున వారు వృత్తిని త్యజించి ‘స్వరాజ్య’ ఆంగ్లదినపత్రికను స్థాపించిరి. ఆ సంవత్సరాంతమున అహమ్మదాబాదు కాంగ్రెసునందు ప్రధానకార్యదర్శులలో నొకరైరి. వృత్తిత్యాగము ఆ కాలమున పలువురు చేసిరి. మోతీలాలు నెహ్రూగారు, చిత్తరంజనదాసుగారు చేసినది లోకవిదితము. ప్రకాశముగారి త్యాగమందలి విశేషమేమన, వృత్తివలన వచ్చు ధనమును మాత్రమే కాక, అంతకు బూర్వము వచ్చి నిలిచిన ధనమునుగూడ వారు పత్రికయందు ధారపోసిరి. కె. ఎం. పణిక్కరు, ఖాసా సుబ్బారావు మున్నగు సమర్థులు ఆ పత్రికలో పనిచేసిరి. పత్రిక పేరు దేశమున వ్యాపించెను. మూలధనము మాత్రము నిలువలేదు. ప్రభుత్వము కోరిన ధరావతులు ఒకవైపు, దినదినవ్యయము మఱియొకవైపు పీడింపగా, నిలిచుచు, మరల లేచుచు, తుదకు ముప్పదియవ దశకమున ‘స్వరాజ్య’ అంతరించెను.

ఒక వ్యవహారజ్ఞుడు ఈ పత్రికలెక్కలను చూచినచో ప్రకాశముగారిని మందలించును. ఆ మందలింపు అన్యాయము కాదు. ఒక సంస్థ నిలువవలెననిన దానికి స్థాపకుని ప్రాణము చాలదు. పాలకుల సంఘము, ఆదాయవ్యయముల అదుపు, స్థాపకుడు లేనప్పుడు నడపగల రెండవవాడు కావలెను. ప్రకాశముగారు ‘స్వరాజ్య’ను ఒక సంస్థగా గాక ఒక వ్యాజ్యముగా నడపిరి. వ్యాజ్యమున గెలుపు ముఖ్యము. ఖర్చు పిదప చూచుకొందురు. కాని దేశమను కక్షిదారునికి ఖర్చులు రాబట్టు మార్గము లేదు.

1926లో వారు కేంద్రశాసనసభకు ఎన్నికైరి. 1928 ఫిబ్రవరి 3వ తేదీన సైమను సంఘము భారతభూమిపై కాలుమోపగా దేశమంతట హర్తాళములు జరిగెను. చెన్నపట్టణమున పారీసు మూలలో పోలీసులు కాల్పులు జరుపగా ఒక యువకుడు మరణించెను. ఆ శవమును చూడబోవు జనులను పోలీసులు తుపాకులతో అడ్డగింపగా ప్రకాశముగారు ముందునకు నడచి, ఱొమ్ము విప్పి, కాల్చుడని నిలిచిరి. దారి లభించెను. ఆంధ్రకేసరి యను బిరుదము వారికి ఈ ఘట్టమువలననే స్థిరపడెను. పాఠశాలలయందు బాలురు ఈ కథను కంఠస్థము చేయుచున్నారు. అందఱును చెప్పని విశేష మొకటి గలదు. పారీసుమూల హైకోర్టునకు ఎదురుగా నున్నది. ఏ న్యాయస్థానమున తాను నల్లనిగౌను ధరించి శాసనములను చూపి వాదించెనో, దాని యెదుటనే, శాసనములు పలుకనిచోట దేహమునే నిదర్శనముగా చూపవలసివచ్చెను. ఆ సమయమున వారు కేంద్రశాసనసభాసభ్యులు. సభలోని వాదము, న్యాయస్థానములోని వాదము రెండును నిష్ఫలమైనచోట మూడవవాదమును వారెఱిగియుండిరి. ఉప్పుసత్యాగ్రహకాలమున సభాసభ్యత్వమును వదలి వీథికి వచ్చుటయు ఈ యెఱుకకు ఫలమే.

వీథిలోని ధైర్యము వలన వచ్చిన కీర్తి, పంతులుగారు గదిలో కూర్చుండి చేసిన గొప్పపనిని కప్పివైచినది. అదియే జమీందారీ విచారణసంఘపు నివేదిక. 1937లో చెన్నరాష్ట్రమున రాజగోపాలాచారిగారి మంత్రివర్గమేర్పడగా ప్రకాశముగారు రెవెన్యూశాఖామాత్యులైరి. జమీందారీ ప్రాంతములందలి రైతుల స్థితిని విచారించుటకు శాసనసభ్యుల సంఘమొకటి ఏర్పడెను. దాని అధ్యక్షులు ప్రకాశముగారే. సంఘము జిల్లాలలో సాక్ష్యములు, విజ్ఞాపనములు స్వీకరించి 1938లో నివేదిక సమర్పించెను.

ఆ వివాదమునకు మూలము 1802వ సంవత్సరపు శాశ్వతపరిష్కారము. ఆ యేటి ఇరువదియైదవ రెగ్యులేషను జమీందారులకు భూస్వామ్యమును ఒప్పుకొన్నదని జమీందారుల వాదము. ప్రభుత్వమునకు వారు చెల్లింపవలసిన పేష్కషు శాశ్వతముగా నిర్ణయింపబడెను. రైతు వారికి చెల్లించు శిస్తునకు మాత్రము అట్టి హద్దు నిలువలేదు. కాలక్రమమున పంటలవెలలు పెరిగినకొలదిని శిస్తు పెరిగెను, పేష్కషు పెరుగలేదు. నడిమి లాభము జమీందారునిదయ్యెను. 1908వ సంవత్సరపు ఎస్టేట్లభూమిచట్టము రైతులకు సాగుహక్కును స్థిరపఱచినను శిస్తుభారమును తగినంత తగ్గింపలేదు.

ఇచ్చట ప్రకాశముగారి సంఘములోని అధికసంఖ్యాకులు అవలంబించిన వాదమార్గము పరిశీలింపదగినది. రైతులు పేదలు గనుక శిస్తు తగ్గింపుడని వారు దయను కోరలేదు. 1802వ సంవత్సరపు పత్రమునే చేతబట్టి, అందలి స్వామ్యమను పదమునకు అర్థమేమని ప్రశ్నించిరి. ప్రభుత్వము తనకు లేనిదానిని జమీందారునకు ఇయ్యజాలదు. ప్రభుత్వమునకున్నది పంటలో భాగము తీసికొను హక్కు, అనగా మేల్వారము. నేలను దున్ను హక్కు, అనగా కుడివారము, అనాదిగా రైతుది. కావున 1802లో జమీందారునకు లభించినది శిస్తు వసూలుచేయు అధికారమే కాని నేలపై స్వామ్యము కాదు. భూమికి స్వామి రైతే. పేష్కషువలెనే శిస్తుకూడ ఆనాటికే స్థిరపడినట్లు ఎంచవలెను. పరిష్కారమునకు పూర్వసంవత్సరమందలి శిస్తురేటే న్యాయమైన రేటు. ఇట్లు జమీందారులు నూఱేండ్లకు పైబడి తమకు కోటగా నెంచుకొన్న పత్రమే రైతులకు ఆయుధమయ్యెను.

పండితులు ఈ పద్ధతిని సులభముగా గుర్తింపగలరు. ఒక సూత్రమునకు పూర్వవ్యాఖ్యాతలు చెప్పిన అర్థమును పూర్వపక్షముగా నిలిపి, పదముయొక్క ప్రవృత్తినిమిత్తమును విచారించి, సందర్భమును చూపి, సిద్ధాంతమును స్థాపించుట మీమాంసకుల మార్గము. నివేదికలోని వాదమంతయు ఒక్క పదముయొక్క వ్యాఖ్యానముపై నిలిచియున్నది. దీనిపై ఆక్షేపణలు లేకపోలేదు. 1802 తరువాత నూఱేండ్లలో న్యాయస్థానములు ఇచ్చిన తీర్పులను, జరిగిన క్రయవిక్రయములను ఒక్క వ్యాఖ్యతో తుడిచివేయవచ్చునా యను ప్రశ్న బలమైనదే. వెలయిచ్చి ఎస్టేటును కొన్నవాడు ఏ నమ్మకముతో కొనెనో దానిని శాసనకర్త గణింపవలెను. ఈ ప్రశ్నకు నివేదిక వకీలువలె ఉత్తరమిచ్చినది, న్యాయాధిపతివలె కాదు. ఐనను పక్షపాతము బహిరంగమైనచోట అది దోషము కాదు. అంతవఱకు సమర్థుడైన వకీలును పెట్టుకొనలేని పక్షము రైతులది. ఆ పక్షమునకు మొట్టమొదటిసారి రాష్ట్రరెవెన్యూమంత్రియే వకీలయ్యెను. న్యాయవాదియు శాసనకర్తయు ప్రకాశముగారియందు పొరపు లేక కలిసినది ఈ యొక్క కార్యమునందే.

నివేదికలోని సూచనలను శాసనసభ ఆమోదించెను. చట్టమగుటకు ముందే, యుద్ధకారణమున 1939 అక్టోబరులో కాంగ్రెసు మంత్రివర్గము రాజీనామా నిచ్చెను. జమీందారీలు రద్దగుట 1948లో, ఓమందూరు రామస్వామిరెడ్డియారుగారి కాలమున చేసిన చట్టమువలన జరిగినది. ఆ చట్టము జమీందారులకు పరిహారమిచ్చి ఎస్టేట్లను రైతువారీపద్ధతిలోనికి మార్చినది. మార్గము వేఱైనను, జమీందారు తొలగవలెనను భావము రాష్ట్రమున నాటుకొనుటకు 1938వ సంవత్సరపు నివేదిక ముఖ్యహేతువులలో నొకటి. చట్టమైన దినమున ప్రకాశముగారు అధికారమున లేరు.

అధికారమున లేకపోవుటకు కారణమును విచారించినప్పుడు వారి జీవితములోని రెండవపార్శ్వము కానవచ్చును. 1946లో కాంగ్రెసు అధిష్ఠానవర్గము రాజగోపాలాచారిగారివైపు మొగ్గియున్నను, చెన్నరాష్ట్రశాసనసభాపక్షము ప్రకాశముగారిని నాయకునిగా ఎన్నుకొనెను. ఆ యేప్రిలు 30వ తేదీన వారు ముఖ్యమంత్రియైరి. అప్పటి వ్యవహారమున ఆ పదవిని ప్రధానిపదవి యనుచుండిరి. పదునొకండు నెలలు నిండకమున్నే, 1947 మార్చిలో, స్వపక్షసభ్యులే విశ్వాసము నుపసంహరింపగా పదవి వదలవలసివచ్చెను. ఖద్దరును నిలువబెట్టుటకై రాష్ట్రమున క్రొత్త బట్టలమిల్లులను పెరుగనీయరాదను వారి నిర్ణయము ధైర్యముతో కూడినది. కాని దానికి తగిన సమ్మతిని ముందుగా కూడగట్టుకొనుట జరుగలేదు. ఎన్నుకొన్నవారిని పిదపకూడ తనవారిగా నిలుపుకొనుట శాసనసభానాయకునకు దినచర్య. వకీలునకు తీర్పు వచ్చినపిమ్మట న్యాయాధిపతిని సంతోషపెట్టవలసిన పని యుండదు. మంత్రికి ప్రతిదినమును తీర్పుదినమే.

ఈ కాలముననే గాంధీమహాత్ముడు మఱియొక ఆక్షేపణ చేసిరి. ప్రజలు సభలలో ప్రకాశముగారికి సమర్పించిన పర్సులను వారు స్వంతమునకు వాడుకొనుట తగదని మహాత్ముని అభిప్రాయము. ఆ ధనము తమ జీవనమునకై ప్రజలు ప్రేమతో ఇచ్చినదని ప్రకాశముగారి సమాధానము. దీనిని దాటిపోవు జీవితచరిత్రకారుడు ప్రకాశముగారికి మేలు చేయడు. మహాత్ముని నియమము ప్రజాసేవకునకు సరియైనది. ప్రజలు ఇచ్చు ధనమునకు లెక్క ప్రజలకే చెప్పవలెను. ప్రకాశముగారి పక్షమునగూడ ఒక మాట గలదు. లక్షలు గడించి ఒక్క రూకయు దాచుకొనని వృద్ధుడు, ఏ కక్షిదారునికై సర్వస్వమును వ్యయించెనో ఆ కక్షిదారుడు మనసారా ఇచ్చినదానిని ఫీజుగా గ్రహించినాడు. వకీలు ధర్మమునకు ఇది సమ్మతము, సేవకధర్మమునకు కాదు. ఈ రెండు ధర్మములను వేఱుగా చూడకపోవుటయే ఇచ్చటి చిక్కు.

1951లో వారు కాంగ్రెసును వీడి ప్రజాపార్టీని స్థాపించిరి; అది కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీలో కలిసెను. 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రమేర్పడగా, ఎనుబదియొక్క యేండ్ల వయస్సున ప్రథమముఖ్యమంత్రియైరి. వారి కాలముననే 1954లో తిరుపతియందు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసెను, గుంటూరున హైకోర్టు ఏర్పడెను. రాజమహేంద్రవరమున రెండవతరగతి ప్లీడరుగా హైకోర్టు ద్వారము బయట నిలిచినవాని పాలనలో ఆంధ్రులకు స్వంత హైకోర్టు లభించుట చరిత్రలోని చక్కని సంగతులలో నొకటి. 1954 నవంబరున మద్యనిషేధవిషయమై వచ్చిన అవిశ్వాసతీర్మానము ఒక్క ఓటు ఆధిక్యముతో నెగ్గగా మంత్రివర్గము పడిపోయెను. మద్యనిషేధమును ఎత్తివేయుమను సూచనకు ఒప్పుకొనినచో పదవి నిలిచెడిదేమో. ఒప్పుకొనలేదు. ఒక్క ఓటును సమకూర్చుకొనలేకపోవుట నాయకుని లోపము. ఆ ఓటుకొఱకు పక్షమును మార్చకపోవుట వకీలు గుణము. ఒకే దినమున ఒకే కార్యమునందు రెండును కలవు.

1957 మే 20వ తేదీన ప్రకాశముగారు హైదరాబాదున పరమపదించిరి. విజయవాడయొద్ద కృష్ణపై నిర్మించిన ఆనకట్టకు వారి పేరు పెట్టబడెను. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో వారి పేరే వచ్చెను. వారి స్వీయచరిత్రయందలి తుదిభాగమును తెన్నేటి విశ్వనాథముగారు వ్రాసి పూర్తిచేసిరి. విశ్వనాథముగారు 1953వ సంవత్సరపు మంత్రివర్గమున ప్రకాశముగారి సహచరులు. కావున పూర్వభాగము వాది స్వయముగా ఇచ్చిన వాఙ్మూలమైనచో, తుదిభాగము ఆ పక్షమందలి ముఖ్యసాక్షి ఇచ్చిన సాక్ష్యము. ఈ భేదమును పాఠకుడు మఱువరాదు. మంత్రిపదవుల ఉత్థానపతనములకు సంబంధించిన తుదిభాగమును శాసనసభల కార్యవిధానపుస్తకములతోడను, ఇతరులు వ్రాసిన గ్రంథములతోడను కలిపి చదువవలెను.

ఇంతటిచే తేలిన విషయము సంగ్రహముగా చెప్పదగును. ‘నా జీవిత యాత్ర’ బాల్యభాగమున సాహిత్యము, నడిమిభాగమున ఉద్యమమునకు సాక్ష్యము, అధికారవిషయమున వాదము. మూడింటిని ఒక్కకొలతతో కొలువరాదు. పాఠశాలలయందు దీనిని బోధించు పండితులు, తుపాకి యెదుట ఱొమ్ముచూపిన ఘట్టముతో నిలువక, పూటకూళ్ళయింటి ఘట్టమును, జమీందారీ నివేదికయందలి వాదమునుగూడ విద్యార్థులకు వినిపింపవలెను. మొదటిది ధైర్యమును నేర్పును. రెండవది సత్యము చెప్పు వచనమును నేర్పును. మూడవది ఒక పాతపత్రమును ఓపికతో చదివి, అందలి ఒక్కపదమునుండి నోరులేనివారికి న్యాయమును రాబట్టు విద్యను నేర్పును. ప్రకాశముగారు పదవులను నిలుపుకొనలేదు, పత్రికను నిలుపుకొనలేదు, ధనమును నిలుపుకొనలేదు. పట్టిన పక్షమును మాత్రము విడువలేదు. శాసనసభానాయకునిగా వారి లోపములను దాపక చెప్పి, ఆ పక్షపు న్యాయమును గుర్తించుటయే వారి జీవితమునకు తగిన విమర్శము.